ఏడేళ్ళ తర్వాత రాజులమ్మ కళ్ళు

2023 నవంబరు. అరకులో పొద్దు బాగా ఎక్కితే గానీ ఎండ మొహం కనిపించని రోజులు. సంత జరిగే చోటుకి వెనక సందులో రెండు గదుల కంటి పరీక్షా కేంద్రం మాది. విశాఖపట్నంలోని ఒక కంటి ఆసుపత్రి తరఫున నడుస్తుంది. నేను అక్కడ ఆప్టోమెట్రిస్టుని. చూపు కొలవడం, కళ్ళజోడు రాసివ్వడం, ఆపరేషన్ అవసరమైనవాళ్ళని గుర్తించి కిందికి పంపడం నా పని. ఆపరేషన్ చేసే డాక్టరు గారు వారానికోసారి ఘాట్ రోడ్డెక్కి వచ్చి వెళ్తారు.

బొబ్బిలి దగ్గర పుట్టిన దాన్ని. రెండేళ్ళుండి వెళ్ళిపోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ చలికాలం నాటికి నిజంగా అలిసిపోయి ఉన్నాను. పని ఎక్కువై కాదు. ఒకే బోర్డు, ఒకే అక్షరాలు. "ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడగడం. కన్ను పూర్తిగా మూసుకుపోయాక ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, ముందే ఎందుకు రాలేదని అడిగే ఓపిక కూడా తగ్గిపోయింది. అడిగినా వాళ్ళు చెప్పే సమాధానం నాకు తెలుసు. దుంపలు తవ్వే పని, కాఫీ పండు కోసే పని, లేకపోతే జీపు దొరకలేదు.

అలాంటి ఒక పొద్దున రాజులమ్మ వచ్చింది. ఆవిడ పెదబయలు వైపు ఒక సబ్ సెంటర్లో ఏఎన్ఎం. కొండ ఊళ్ళు తిరిగి గర్భిణులని చూడడం, పిల్లలకి టీకాలు వెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఆ చుట్టుపక్కల అందరికీ నర్సమ్మ. పుట్టిందీ ఆ కొండల్లోనే కాబట్టి ఏ ఇంట్లో ఏ భాషలో మాట్లాడాలో ఆవిడకి తెలుసు. నాకంటే బాగా పెద్దది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మా అంటుంది.

మా పరిచయం 2016 నాటిది. అప్పటికి ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్లో మసకబారిన సొంత లెన్సుని తీసేసి, దాని స్థానంలో ప్లాస్టిక్ లెన్సు పెడతారు. మామూలుగా పెట్టేది మోనోఫోకల్. దూరం బాగా కనిపిస్తుంది, దగ్గరివి చూడాలంటే కళ్ళజోడు కావాలి. ఈ మాట చెప్పగానే రాజులమ్మ మొహం చిన్నబోయింది.

"అద్దాలు లేకుండా అవ్వదేటమ్మా? వానలో కొండెక్కితే ఆవిరి పట్టీసి ఏటీ కనపడదు. తుడుసుకుందామంటే ఒక సేతిలో వేక్సిన్ పెట్టి, ఇంకో సేతిలో కర్ర. గుంటడికి సూదెయ్యడానికి వొంగితే ముక్కు మీంచి జారిపోతాయి."

అప్పుడు మల్టీఫోకల్ లెన్సు గురించి చెప్పాను. దాని మీద ఉంగరాల్లాంటి సన్నటి గీతలుంటాయి. లోపలికొచ్చే వెలుతురుని అవి దూరానికి కొంత, దగ్గరికి కొంత పంచుతాయి. కళ్ళజోడు అవసరం చాలావరకు పోతుంది. కానీ ఉన్న వెలుతురే పంచుకోవాలి కాబట్టి, మసకగా ఉన్నచోట మామూలు లెన్సంత తేటగా ఉండదు. చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఇవన్నీ దాచకుండా చెప్పాను.

"ఆ వలయాలు సూదెయ్యడానికి అడ్డమొత్తాయా?"

"రావు."

"అయితే అదే పెట్టించండి."

విశాఖలో రెండు కళ్ళకీ మల్టీఫోకల్ పెట్టారు. ఆపరేషన్‌కి ముందు కంటి వెనక తెర, రెటీనా చూశారు, శుభ్రంగా ఉంది. తర్వాత మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, నా బల్ల మీదున్న చుక్కల మందు సీసా తీసుకుని, అడుగున చీమల్లా ఉన్న ఎక్స్‌పైరీ తేదీ గడగడా చదివేసి నవ్వింది. ఏటా ఒకసారి వచ్చేది. నాకు కొలిచే పని తప్ప చేసే పని ఉండేది కాదు.

ఏడేళ్ళ తర్వాత ఈ నవంబరులో మాత్రం శాలువా కూడా తియ్యకుండా కూర్చుంది.

"కళ్ళు పోతన్నాయమ్మా."

బోర్డు చదివించాను. కింద నుంచి రెండో వరస దాకా వచ్చింది. కాస్త తడుముకుంది, అయినా చదివింది. మా లెక్కల్లో అది మంచి చూపే. బయట బెంచీ నిండా జనం ఉన్నారు. "బాగానే చదివారు కదక్కా" అన్నాను.

"నీ బోర్డు బాగానే కనపడతాది. ఎనకాల లైటెట్టి మరీ సూపిత్తన్నావు. నా గుంటలు నీ బోర్డు మీదుండరు కదా."

గుంటలంటే ఆవిడ టీకాలేసే పసిపిల్లలు. పెన్ను పక్కన పెట్టాను. ఏమైందో చెప్పమన్నాను.

వానలకి దారి కొట్టుకుపోయి, జీపు రాక, పైనున్న ఒక ఊళ్ళో ఒకామె ఇంట్లోనే ప్రసవమైంది. రాజులమ్మ నడిచి వెళ్ళింది. బిడ్డకి బీసీజీ వెయ్యాలి. క్షయ రాకుండా వేసే టీకా అది. మిగతా టీకాల్లా కండలోకి కాదు, చర్మం పొరలోకి ఎక్కించాలి. సూదిని దాదాపు పడుకోబెట్టి గుచ్చితే చర్మం మీద చిన్న బుడిపె లేవాలి. అది లేచిందో లేదో కంటితో చూడాలి. దానికంటే ముందు టీకా సీసా మీదున్న గుర్తు చూడాలి. గుండ్రటి రంగు మచ్చ, దాని మధ్యలో చిన్న చదరం ఉంటుంది. చదరం లేతగా ఉంటే మందు మంచిది. వేడి తగిలి పాడైతే చదరం ముదిరి చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది.

"ఆ గదికి కిటికీ లేదమ్మా. పేరెట్టే వరకూ గుంటని గుమ్మం దాటించరు వాళ్ళు. సీసాని వాకిట్లోకి అట్టుకొచ్చి సూసినాను. మంచులో అక్కడా అంతే. సదరం లేతగుందో ముదిరిందో తెలీలేదు. సరే, సీసా మంచిదే అనుకుందునా, లోపలికెల్లి ఆ గుంట సెయ్యి అట్టుకుంటే సెయ్యీ గుడ్డా ఒక్కలాగే ఉన్నాయి. సూది దింపలేకపోయినాను."

"మరి?"

"సీసాని మళ్ళీ డబ్బాలో ఎట్టీసి లేసినాను. ఆ ముసలామె, గుంట నానమ్మ, అంటాది కదా, నర్సమ్మా, ఇంత కొండెక్కొచ్చి సూదెయ్యకండా ఎల్లిపోతన్నావేటి అని. మందు బాగోలేదని సెప్పీసినాను. అబద్దాలు ఆడనిదాన్ని కాదు. మందు విషయంలో మాత్రం ఎప్పుడూ ఆడలేదమ్మా."

తర్వాత రోజు వేరే నర్సుని పంపించి ఆ బిడ్డకి టీకా వేయించిందట. అదే వారంలో మైదానానికి దిగి రెండు చోట్ల కళ్ళు చూపించుకుంది. ఒకచోట లెన్సు పాతబడింది, తీసి వేరేది పెట్టాలన్నారు. ఇంకోచోట ఏమీ అక్కర్లేదు, లేజరు కొడితే చాలన్నారు. ఏది నిజమో తెలియక నా దగ్గరికొచ్చింది.

"ఏదో ఒకటి బేగి సేసీండమ్మా. నాకింకా సర్వీసుంది."

స్లిట్ ల్యాంప్ అని ఒక మైక్రోస్కోపు ఉంటుంది. సన్నటి వెలుగు గీతని కంట్లోకి పంపి పొర పొరగా చూడొచ్చు. లెన్సు దాని చోటులో సరిగ్గానే ఉంది. దాని వెనక మాత్రం పల్చటి పొర. ప్లాస్టిక్ లెన్సుని మన సొంత లెన్సు తాలూకు ఖాళీ సంచిలోనే కూర్చోబెడతారు. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందికి ఆ సంచి వెనక గోడ మసకబారుతుంది. దాన్ని పీసీఓ అంటాం. యాగ్ లేజర్‌తో ఆ గోడకి చిన్న కిటికీ తెరిస్తే పోతుంది. నొప్పి ఉండదు, కోత ఉండదు.

ఇంత సులువైతే అప్పుడే చెప్పేసి పంపించేదాన్ని. చిక్కు ఒకటుంది. ఆ గోడ తెరిచాక లెన్సు మార్చాలంటే చాలా కష్టం, ప్రమాదం కూడా. ఇబ్బంది లెన్సు వల్లే అయితే ముందు లేజరు కొట్టకూడదు. పొర వల్లే అయితే లెన్సు జోలికి పోకూడదు. కారణం ఏదన్నది మొదట తేల్చుకోవాలి.

డాక్టరు గారు వచ్చే రోజున రమ్మన్నాను. ఆయన ఆవిడని కూర్చోబెట్టి, యంత్రం ముట్టకుండా ముందు ఒకే ప్రశ్న అడిగారు.

"ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ఎలా కనిపించేదమ్మా?"

"బంగారంలాగ కనపడీది బాబూ. దీపం సుట్టూ సక్రాలు కనపడీవి. కొన్నాళ్ళకి అవున్నాయన్న సంగతే మర్సిపోయినాను."

"ఈ మసక ఎప్పట్నుంచి?"

"నిరుటి వానల కాడ్నుంచి."

మొదటి రోజు నుంచీ బాధపడేవాళ్ళకి లెన్సు పడలేదని అర్థం. ఏళ్ళ తరబడి బాగుండి తర్వాత చెడితే కారణం వేరే చోట వెతకాలి. ఆయన కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, లోపల చాలాసేపు చూశారు. నన్నూ చూడమన్నారు. రెటీనా మధ్యలో మాక్యులా అనే చిన్న చోటు ఉంటుంది. చదవడం, మనిషి మొహం గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అన్నీ దానితోనే. అక్కడ లేత పసుపు చుక్కలు కనిపించాయి. ఎడమ కంట్లో కొద్దిగా, కుడి కంట్లో ఎక్కువగా.

"విశాఖ వెళ్ళి ఓసీటీ తీయించాలి. రెటీనాకి స్కాన్ లాంటిది. అది చూశాకే లేజరు" అన్నారాయన.

రాజులమ్మకి కోపమొచ్చింది. "ఒకలు మార్సమన్నారు, ఒకలు లేజరు కొట్టమన్నారు, మీరు పొటో తియ్యమంటన్నారు. కొండెక్కడం దిగడమే నా వైద్యం అయిపోనాది" అని లేచి వెళ్ళిపోయింది. డాక్టరు గారికీ ఓపిక లేదని తెలుస్తూనే ఉంది. తర్వాతి మనిషిని పిలవమన్నారు.

రెండు రోజులకి ఫోన్ చేసింది. "నువ్వెప్పుడు దిగుతావు? నాను కూడా వత్తాను."

కిరండూల్ రైలెక్కి విశాఖకి దిగాం. ఆ దారి నిండా సొరంగాలు. పెట్టెలో లైటు పల్చగా వెలుగుతోంది. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ చెయ్యి తడుముకుంటూ పక్కనున్న సంచి మీదకి పోవడం గమనించాను. నాకు సంచీ కనిపిస్తోంది, దాని మీదున్న పూలూ కనిపిస్తున్నాయి. ఆవిడకి అదొక నల్లటి ముద్ద. బయటికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకునేది. నా బోర్డు మీద కింద నుంచి రెండో వరస దాకా చదివిన కళ్ళు అవి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మసక వెలుతుర్లో ఒక రోగి పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

ఓసీటీ చూసి రెటీనా డాక్టరు విషయం చెప్పారు. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, ఎండు రకం. నెమ్మదిగా నడుస్తుంది. పోయింది తిరిగి తెచ్చే మందు లేదు. లెన్సు మార్చడం మాటేమిటని నేనడిగాను. ఏడేళ్ళుగా సంచికి అతుక్కుపోయిన లెన్సుని లాగితే ఉన్న చూపుకే ముప్పు రావొచ్చని, తనైతే చెయ్యనని అన్నారు. పొర మాత్రం లేజరుతో తీద్దాం, దాంతో వచ్చినంత వస్తుందన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ అడిగింది.

"ఉత్త లెన్సు పెట్టించుకునుంటే, ఆ గదిలో నాకు సదరం కనపడునా?"

లేదని చెప్తే ఆవిడకి తేలిగ్గా ఉంటుంది. కానీ జబ్బు పడ్డ మాక్యులాకి ప్రతి చుక్క వెలుతురూ కావాలి, మల్టీఫోకల్ దాన్ని పంచేస్తుంది. అది ఆవిడకి తెలియాల్సిన విషయం.

"కొంచెం తేటగా కనిపించేదేమో అక్కా. ఎంతని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

తలూపింది. "నానే అడిగినాను. నువ్వు అన్నీ సెప్పినావు. ఆ రోజు కంట్లో ఈ సుక్కలూ లేవు. ఇంకెవరి మీద కోప్పడను?" అని, కొంగుతో మొహం తుడుచుకుంది. "కోప్పడ్డానికి ఒక మనిసుంటే బాగుండును."

లేజరు అయింది. వారం పోయాక నా కేంద్రానికి వచ్చింది. ఎడమ కన్ను బాగా తేరుకుంది. మంచు కరిగినట్టుందని తనే అంది. కుడి కంటికి కాస్త వెలుగొచ్చింది అంతే, మధ్యలో మసక అలాగే ఉంది. ఈసారి నేను మామూలు బోర్డు ఒక్కటే చూపించలేదు. అక్షరాలన్నీ ఒకే సైజులో ఉండి, పోను పోను రంగు వెలిసిపోయే బోర్డు ఒకటుంది. తెలుపు మీద బూడిద రంగుని ఎంతవరకు విడదీయగలరో, అంటే కాంట్రాస్ట్ ఎంత చూడగలరో, దానితో తెలుస్తుంది. గదిలో లైట్లు తగ్గించి చదివించాను. ఎడమ కన్ను సగం దాకా వెళ్ళింది. కుడి కన్ను మొదట్లోనే ఆగిపోయింది.

"సూదెయ్యొచ్చా?" అంది.

"వెలుతుర్లో అయితే వెయ్యొచ్చు. ఆ గదుల్లో ఎలా ఉంటుందో నాకు తెలీదు. నేనూ వస్తాను."

టీకాల రోజు సెలవు పెట్టి వెళ్ళాను. జీపు ఆగినచోటు నుంచి ఏటవాలు దారి. ఆవిడ కర్ర పట్టుకుని ముందు, నేను రొప్పుతూ వెనక. అక్కడ చూసిన గదిలాంటిది నేను ఎప్పుడూ ఊహించలేదు. మిట్టమధ్యాహ్నం కూడా పొయ్యి వెలుగే దిక్కు. నుదుటికి కట్టుకునే లైటు ఒకటి తీసుకెళ్ళాను. రాజులమ్మ అది కట్టుకుని, దాని వెలుగులో సీసా పట్టుకుని చూసింది. "లేతగానే ఉంది" అంది. నేనూ చూశాను. నిజమే.

మందు సూదిలోకి తీసుకుంది. బాలింత ఒళ్ళో బిడ్డ. చెయ్యి పట్టుకుని వంగింది. లైటు వెలుగు మొహాన పడి బిడ్డ కేర్‌మంది. సూది చర్మానికి ఆనించబోయి ఆగింది. రెప్పలు ఆర్పి మళ్ళీ వంగింది. మళ్ళీ ఆగింది. ఆ బాలింత ఆవిడ మొహంలోకి చూస్తోంది. రాజులమ్మ సూదిని పక్కన పెట్టేసి, ఆ తల్లితో వాళ్ళ మాటలో ఏదో అంది. దిగేటప్పుడు ఏమన్నారని అడిగాను.

"నాకు కనపడతలేదు, కనపడేదాన్ని తోలుకొత్తాను అన్నాను."

ఆ సాయంత్రమే పీహెచ్‌సీకి వెళ్ళి మెడికల్ ఆఫీసరుకి చెప్పేసింది. బీసీజీ నేను వెయ్యను, మిగతా టీకాలు వెలుతురున్నచోట వేస్తాను, గర్భిణుల పని అంతా చేస్తాను అని. పక్క సబ్ సెంటర్ నర్సుకి ఆ పని అప్పగించారు. అంతా సవ్యంగా జరిగింది. అయినా తర్వాత కలిసినప్పుడు ఆవిడ మొహంలో దిగులుంది.

"ఒక్క మాటైనా అడుగుతారనుకున్నానమ్మా. ఇన్నాళ్ళూ నువ్వే సేసినావు కదా, ఇంకొన్నాళ్ళు సూడు అని. పోనులోంచి తలైనా ఎత్తకండా సరే అనీసినారు."

టీ తెప్పించాను. ఇద్దరం తాగాం.

ఆవిడ ఇప్పటికీ ఉద్యోగంలోనే ఉంది. కుడి కన్ను ఇంకాస్త తగ్గింది, ఎడమది నిలబడింది. ఆరు నెలలకోసారి వస్తుంది. నేను పరీక్షించే పద్ధతి మాత్రం మారింది. ఖరీదైన లెన్సు కావాలని ఎవరొచ్చినా, మీరేం పని చేస్తారు, ఎక్కడ చేస్తారు, అక్కడ వెలుతురెంత అని అడుగుతున్నాను. లైట్లు తగ్గించి ఒకసారి చదివిస్తున్నాను. రెటీనా ఈ రోజు శుభ్రంగా ఉన్నా, రేపటి సంగతి ఎవరూ పూచీ పడలేరని చెప్తున్నాను. ఇంత చెప్తే పని ఆలస్యమవుతుంది. బెంచీ మీద జనం విసుక్కుంటారు. నాకూ విసుగొస్తుంది.

మొన్న రాజులమ్మ వచ్చిన రోజునే డుంబ్రిగూడ వైపు నుంచి ఒక కాఫీ రైతు వచ్చాడు. శుక్లాలు. "నర్సమ్మకేసిన లెన్సే నాకూ ఎయ్యండి" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే నర్సమ్మ బెంచీ మీదే ఉంది. లేచి ఆవిడ దగ్గరికెళ్ళాడు.

"ఏటి నర్సమ్మా, మంచిదేనా అది?"

రాజులమ్మకి చుక్కలు వేసిన కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంది.

"ఆరేళ్ళు బాగుంది. అద్దాలే ఎరగను. తరవాత కంటి ఎనకాల సెడింది, అప్పుడు సాల్లేదు. రెండూ నిజమే బాబూ. మంచిదని సెప్పను, సెడ్డదని సెప్పను. నీ కన్ను ముందు అంతా సూపించుకో, నీ పనేటో ఈ అమ్మకి సెప్పు, అప్పుడు నువ్వే అనుకో."

అతను నా వైపు తిరిగాడు. "మరి రిజల్ట్ ఎలాగుంటదండీ?"

ఒకప్పుడైతే వెంటనే బాగుంటుందనేదాన్ని. ఆ లెన్సు పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి బాగానే ఉంది కూడా. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఏ ఏడాది రిజల్ట్ గురించి అడుగుతున్నారని అడిగాను.